వీట్స్కె వంటగదిలో నేర్చుకున్న ‘లేదు’

ఆగస్టు 21

ఇది సంస్థ చిట్టా కాదు. సంస్థ చిట్టా చెవిగింజలోనే ఉంటుంది, మనం మాట్లాడిందంతా అదే రాసుకుంటుంది. ఇది నాచు బరువులు రాసే పాత రిజిస్టరు. వెనకవైపు పేజీలు ఖాళీగా ఉంటే పెన్సిలుతో రాస్తున్నాను. ఎందుకు దాచుకుని రాస్తున్నానో నాకే పూర్తిగా తెలియదు. ఈ ఉదయం జరిగిన దాని తర్వాత, ఏదైనా ఒకటి నా చేత్తో రాసినది ఉండాలనిపించింది.

నా పేరు సంగాని తులసీరత్నం. ఆరో వేదిక వంటగదిలో రెండో మనిషిని. వేదిక అంటే ఉత్తర సముద్రం మధ్య ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన చిన్న ఊరు. చుట్టూ నీళ్ళలో నాచు తోటలు. ఆ నాచు కోసేది మేం నలభై ఒక్కరం. కోనసీమలో మా ఊళ్ళు సముద్రంలో కలిసిపోయాక సంస్థ తెచ్చుకున్నవాళ్ళం. యంత్రాలు చూసుకునేది పంతొమ్మిది మంది డచ్చివాళ్ళు. రెండు భాషలకీ మధ్య ఉండేది చెవిగింజ. శనగగింజంత ఉంటుంది. వాళ్ళు డచ్చిలో అన్నది మా చెవిలో తెలుగై వినిపిస్తుంది, మేం తెలుగులో అన్నది వాళ్ళ చెవిలో డచ్చి అవుతుంది. రెండేళ్ళుగా అలాగే బతుకుతున్నాం.

మూడు రోజుల కింద నా చెవి చీము పట్టింది. తెర మీద డాక్టరు చూసి, మూడు వారాలు గింజ పెట్టుకోవద్దన్నాడు. ఈ రోజు మొదటిసారి బోసి చెవితో వంటగదిలోకి వెళ్ళాను.

పెద్ద వంటమనిషి వీట్స్కె అరవై దాటిన డచ్చావిడ. రోజూ పొద్దున్నే నన్ను చూడగానే ఆవిడ గొంతు నా చెవిలో, “రత్నం, వచ్చావా, నీ కోసమే చూస్తున్నాను. ఈ పూట ఉల్లిపాయలతో మొదలుపెడదామా?” అని పలికేది. ఈ రోజు ఆవిడ ఉల్లిపాయల బుట్ట వైపు వేలు చూపించి ఒకే ఒక్క మాట అంది.

“అవ్యెన్.”

అంతే. ఉల్లిపాయలు అని అర్థం. ఇంకేం లేదు. ముఖం కూడా నా వైపు తిప్పలేదు.

రెండేళ్ళుగా ఈవిడ నాతో మాట్లాడుతున్నది ఇంతేనా? మిగతా మాటలు ఎవరివి?

ఆగస్టు 23

సైగలతో పని జరగడం లేదు. ఉప్పు అడిగితే పంచదార ఇచ్చాను. వీట్స్కె విసుక్కుని గరిటెతో ఒక్కొక్క వస్తువు మీదా కొట్టి పేరు చెప్పడం మొదలుపెట్టింది. నేను తిరిగి చెప్పాలి. తప్పయితే గరిటె మళ్ళీ మోగుతుంది.

రొట్టె బ్రోత్. పళ్ళెం బోర్త్. జున్నులాంటి గట్టి ముద్ద కాస్. పాలు మెల్క్. బియ్యానికీ అన్నానికీ ఒకే మాట, రైస్ట్. ఉప్పు జౌత్. గుడ్డు ఐ. గుడ్డంత పదార్థానికి ఒక్క అక్షరం చాలట.

ప్రతి పేరు ముందూ దె గానీ హెత్ గానీ పెట్టాలి. దె కాస్, దె మెల్క్, దె రైస్ట్. కానీ హెత్ బ్రోత్, హెత్ ఐ, హెత్ జౌత్. ఏది ఎందుకని చేతులు తిప్పి అడిగితే భుజాలెగరేసింది. మన మాటల్లో ఆవునీ ఆడమనిషినీ ఒకే ‘అది’తో పిలుస్తాం కదా, ఎందుకని ఎవరైనా అడిగితే నేనూ భుజాలే ఎగరేస్తాను. అందుకని పోట్లాడకుండా బట్టీ పెట్టాను.

వడ్డించేటప్పుడు మాత్రం కళ్ళు పెట్టుకుని చూశాను. మా వాళ్ళ పళ్ళేల్లో ఒక గరిటె. డచ్చివాళ్ళ పళ్ళేల్లో ఒకటిన్నర. జూన్ నుంచి మా కంచాలు చిక్కిపోతున్నాయి. అడిగినప్పుడల్లా, “తేలికపాటి భోజనం కోతకాలంలో మంచిది, మీ ఆరోగ్యం కోసమే” అని ఆవిడ గొంతు మెత్తగా చెప్పేది. ఆ గొంతు లేకుండా చూస్తే ఆవిడ పెదవులు బిగబట్టి ఉన్నాయి. ఆ ముఖానికి ఆ మాటలు అతకవు.

స్టోరు గది తాళం ఆవిడ నడుముకే వేలాడుతుంది. ఎప్పుడూ తానొక్కతే లోపలికి వెళ్తుంది. మా బియ్యం ఎటు పోతోందో నాకు తెలిసినట్టే అనిపించింది.

ఆగస్టు 26

కోత పడవలో కృపానందం కళ్ళు తిరిగి పడ్డాడు. భుజం ఎముక విరిగింది. ముప్పై ఏళ్ళవాడు, ఎద్దులా ఉండేవాడు. పైకి మోసుకొచ్చేటప్పుడు చూస్తే చొక్కా కింద పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

మా మేస్త్రి నాగిడి ధర్మారావు గారు మా ఆయనకి అన్న, నాకు బావగారు. మమ్మల్నందరినీ ఇక్కడికి తెచ్చింది ఆయనే. మూడు కోత పడవల తాళాలూ ఆయన దగ్గరే ఉంటాయి. మధ్యాహ్నం భోజనాల హాల్లో ఆయన నేరుగా వీట్స్కె దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“అమ్మా, మా కుర్రోళ్ళకి అన్నం సరిపోట్లేదండి. ఇయ్యాల ఒకడు పడిపోయేడు. ఇంకో గరిటె ఎయ్యండి.”

వీట్స్కె ఆయన్ని తేరిపార చూసింది. తర్వాత నాలుగైదు మాటలంది. వాటిలో ఒకటి ‘ఖేన్’ అని, ఇంకోటి ‘హోఙర్’ అని విన్నాను. బావగారు తలాడించి, దణ్ణం పెట్టి వచ్చేశారు.

“ఏమందండి?” అని అడిగాను.

“పాపం, శానా బాధపడిందమ్మా. కృపానందానికి సూపు పంపిత్తానంది. ఓడ మంగళారం కాక పై మంగళారం వచ్చేత్తదంట, ఆ రోజు అందరికీ కడుపు నిండా పెడతానంది.”

“అన్ని మాటలందాండి?”

“ఆయ్. ఏం?”

నేను విన్నది నాలుగైదు మాటలు. ఆయన చెప్పింది మూడు వాక్యాలు. గిన్నెలెత్తుకుని లోపలికి వచ్చేశాను. ఆయన చెవిలోని గింజ వింటుంది.

సూపు రాలేదు.

ఆగస్టు 29

ఖేన్ అంటే ఏమిటో తెలిసింది. వీట్స్కె పాల డబ్బా బోర్లించి చూపించింది. చుక్క రాలలేదు. “ఖేన్ మెల్క్.” గుడ్ల అట్ట ఖాళీగా తెరిచింది. “ఖేన్ ఐయెరెన్.” వస్తువు లేకపోతే దాని ముందు ఖేన్ పెట్టాలి. మనం చివర్న ‘లేదు’ అంటాం, వాళ్ళు లేనిదాన్ని ముందే చెప్పేస్తారు.

చేసే పనికి మాత్రం వేరే మాట, నీట్. అది చివరికి వస్తుంది, మన లాగే. ఇక్ ఏత్ అంటే నేను తింటాను. ఇక్ ఏత్ నీట్, తినను. నేనైతే ఏత్, మేమైతే ఏతెన్. వై ఏతెన్. మళ్ళీ మళ్ళీ అనిపించింది. ఆవిడకి నేర్పడం ఇష్టమేమో, మధ్యలో ఒకసారి గరిటె పక్కన పెట్టి కూర్చుంది కూడా.

మధ్యాహ్నం మా వాళ్ళకి వడ్డిస్తూ తనలో తాను గొణుక్కుంది. ఇన్నాళ్ళూ రోజూ గొణుగుతూనే ఉంది కాబోలు, నాకిప్పుడే వినిపించింది.

“యా, యా. ఖేన్ హోఙర్.”

హోఙర్ ఏమిటని పొట్ట పట్టుకుని, కళ్ళు తేలేసి అభినయించి అడిగాను. అవును, అదే. ఆకలి.

ఖేన్ హోఙర్. ఆకలి లేదు. ఎవరికి? మాకా? ఎముకలు కనిపించే మనుషుల ఎదురుగా నిలబడి, ఆకలి లేదులే అనుకుంటూ ఒక గరిటె వేస్తోందా ఈవిడ? ఎంత గుండె కావాలి దానికి? ఆ పూట గిన్నెలు ఆవిడ ముందు కావాలనే గట్టిగా పడేశాను.

సెప్టెంబరు 1

ఈ రోజు జరిగింది వరసగా రాయాలి.

అన్నం వార్చేశాక వంటగదిలో మేమిద్దరమే ఉన్నాం. తెలుగులో ఎంత అడిగినా ఆవిడ చెవిలోకి ఏం వెళ్తుందో నాకు తెలియదు. కానీ డచ్చిలో అడిగితే మధ్యలో ఎవరూ ఉండరు కదా. ఆవిడ గొణిగిన దాంట్లోంచి ఖేన్ తీసేశాను. మిగిలింది కూడబలుక్కున్నాను.

“వీట్స్కె. ఇక్ హెబ్ హోఙర్.” నాకు ఆకలిగా ఉంది. తర్వాత హాలు వైపు చెయ్యి చూపించాను. “వై హెబెన్ హోఙర్.”

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. “యులీ?” అంది. మీరా, అని. “యులీ హెబెన్ ఖేన్ హోఙర్.” మీకు ఆకలి లేదు. ఒక్కొక్క మాటా విడదీసి అంది, తనకెవరో చెప్పిన సంగతి నాకు గుర్తు చేస్తున్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ తన చెవిని వేలితో తట్టి, నిండు గరిటెలో సగం వెనక్కి పోసి చూపించింది. మేమే చెప్పామట. రోజూ. మాకు అన్నం ఎక్కువైంది, తగ్గించండి అని.

నేను నా పొట్ట మీది చీర కుచ్చిళ్ళు లాగి చూపించాను. ఎంత వదులో. ఆవిడ చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత తన చెవిలోంచి గింజ ఊడబెరికి ఉప్పు జాడీలోకి నొక్కేసి మూత పెట్టింది. నన్ను చెయ్యి పట్టుకుని స్టోరులోకి తీసుకెళ్ళింది.

నేను అనుకున్నట్టు అక్కడ మా బియ్యం గుట్టలు లేవు. బియ్యం మూడు బస్తాలు. బంగాళాదుంపలు నాలుగు బస్తాలు. ఎండు చేప ఒక పెట్టె. అరవై మందికి అదే మొత్తం. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ ఒకే మాట రెండుసార్లు అంది. “దె బోత్ కోమ్త్ నీట్.”

నాకు బ్రోత్ అని వినిపించింది. రొట్టె రాదు. దుంపలున్నప్పుడు రొట్టె కోసం ఏడవడం ఎందుకో అర్థం కాలేదు. నాటకమేమోనని కూడా అనిపించింది. ఇది రాస్తున్నప్పుడు కూడా పూర్తిగా నమ్మడం లేదు.

సెప్టెంబరు 2

అది బ్రోత్ కాదు.

పొద్దున మళ్ళీ అడిగాను. “బ్రోత్ కోమ్త్ నీట్?” అంటే ఆవిడ తల కొట్టుకుంది. పళ్ళెం తీసి చూపిస్తే, బోర్త్ కూడా కాదంది. ఆఖరికి చెత్తబుట్టలోంచి పాత గుడ్డు పెంకు ఒకటి తీసి, తొట్టి నీళ్ళలో వదిలి, నోటితో ఊదింది. పెంకు తేలుతూ అవతలి గోడకి చేరింది.

“బోత్.”

పడవ. ఓడ. దె బోత్ కోమ్త్ నీట్. ఓడ రాదు.

“మంగళారం?” అన్నాను తెలుగులోనే. గోడ మీది క్యాలెండరులో మంగళవారం మీద వేలు పెట్టాను. ఆవిడ ఆ కాగితం తిప్పింది. ఇంకోటి తిప్పింది. సెప్టెంబరు, అక్టోబరు, డిసెంబరు. మార్చి దగ్గర ఆగింది.

సెప్టెంబరు 3

బావగారిని డెక్కు మీదికి పిలిచి చెప్పాను. ముందు ఆ గింజ తీసేయండి అన్నాను. తీయలేదు.

“పన్లో ఉండగా తీకూడదని రూలమ్మా. అయినా ఆవిడ నిన్ను మాయ చేత్తంది. బియ్యం దాచేసుకుని ఓడ రాదని భయపెడితే, మనం కోత మానేసి గొడవ పెడతాం. అప్పుడు మనల్ని ఎనక్కి పంపేత్తారు. అది తెలీట్లేదా నీకు?”

“ఎనక్కి ఎక్కడికి పంపుతారు బావగారూ? ఊరుందా?”

ఆయన పడవ తాళాలు జేబులో వేసుకుని కదలబోయారు.

“స్టోరు నా కళ్ళతో చూశానండి.”

“నాకాడ ఆవిడ రోజూ మంచిగా మాట్టాడతాది. ష్యూర్ద్ కూడా అంతే. మొన్న గూడా నా భుజం తట్టి, మీ పడవలు బెమ్మాండంగా నడుపుతున్నారన్నాడు. నువ్వు పది మాటలు నేర్చుకుని పండితురాలివైపోయేవా?”

ష్యూర్ద్ వాళ్ళ యంత్రాల పెద్ద. ఆయన అన్నది అదేనా? నాకు తెలియదు. కానీ బావగారి మాటలకి నాకు కోపం కన్నా భయం ఎక్కువ వేసింది. ఆయన నన్ను అనుమానిస్తున్నారు. నేను పది రోజుల కింద వీట్స్కెని అనుమానించినట్టే, అంతే గట్టిగా.

సెప్టెంబరు 4

మధ్యాహ్నం భోజనాలకి అందరూ ఉన్నప్పుడు వీట్స్కెని హాల్లోకి తీసుకొచ్చాను. చేతిలో ఖాళీ పాల డబ్బా. బావగారి ఎదురుగా నిలబడ్డాను.

“బావగారూ, ఇప్పుడు నేను ఈవిణ్ణి డచ్చిలో ఒక్క ముక్క అడుగుతాను. పాలున్నాయా, అని. అంతే. మీ గింజలో ఏం వినపడితే అది పైకి చెప్పండి.”

“సరే కానీ.”

“ఇస్ ఎర్ మెల్క్?” అన్నాను.

బావగారి కనుబొమలు ముడిపడ్డాయి.

“ఏం వినపడిందండి?”

“ఈ పూట పాలు శానా రుచిగా ఉన్నాయి, అంటన్నావు.” ఆయన నన్నే చూస్తున్నారు. “నీ గొంతుతోనే.”

వీట్స్కె జవాబు చెప్పింది. “ఓప్.” అయిపోయాయి అని. ఒక్క అక్షరం. పెదవులు తెరిచి మూసింది, అంతే. కానీ బావగారు ఇంకా వింటూనే ఉన్నారు. ఆవిడ నోరు మూసుకుని నిలబడి ఉంటే, ఆయన చెవిలో ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఆయన ముఖంలో రంగు మారడం మేమందరం చూశాం.

మెల్లిగా గింజ తీసి బల్ల మీద పెట్టారు.

“ఇంకా చెప్తానే ఉందమ్మా అది,” అన్నారు.

మా వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తీసేశారు. అవతలి బల్లల దగ్గర డచ్చివాళ్ళు మమ్మల్ని చూసి వాళ్ళూ తీశారు. గింజలన్నీ ఒక గిన్నెలో పోసి మూత పెట్టాం. అప్పుడు హాల్లో ఎవరికీ ఎవరూ అర్థం కాలేదు. నా దగ్గర మాత్రం ఒక నలభై మాటలున్నాయి, అన్నీ తిండివే.

వాటితోనే మొదలుపెట్టాం. ష్యూర్ద్ బల్ల మీద మూడు చెంచాలు పెట్టాడు. చెంచా, లేపెల్, మా పడవ అన్నమాట. దుంపలు మనుషులు. చెంచాల్లో దుంపలు పెట్టి, బల్ల అంచు దాకా నెట్టి, అక్కడ పళ్ళెం బోర్లించాడు. తీరం. మధ్యలో ఉప్పు పోసి అడ్డంగా చెయ్యి ఊపాడు. ఇసుక దిబ్బలు. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఉప్పు మధ్యలో వేలితో వంకర దారి గీశాడు. దారి తనకి తెలుసు. తర్వాత బావగారిని చూపించి, మూడు వేళ్ళెత్తి, తల అడ్డంగా ఊపాడు.

“మూడుసార్లు అడిగేనంటన్నాడు,” అన్నారు బావగారు, ఎవరూ చెప్పకుండానే. “గాలులు రాకముందే మీ పడవల్లో పోదాం అని. నాకేమో ఈ గింజ బాగా నడుపుతున్నారని చెప్పింది. నేను సంతోషం బాబూ అన్నాను. అతనికి రానని చెప్పుంటది.”

ఆయన బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ష్యూర్ద్ రెండు చేతులూ పట్టుకున్నారు. పక్కన కృపానందం విరిగిన భుజంతో కూర్చుని ఉన్నాడు. బావగారు అతని వైపు మాత్రం చూడలేకపోయారు.

సెప్టెంబరు 6

నిన్నటి నుంచి గోడల్లోని స్పీకర్లు మాట్లాడుతున్నాయి. తెలుగులో, “ఓడ బయలుదేరింది, కోత కొనసాగించండి” అంటోంది ఒక గొంతు. అదే గొంతు డచ్చిలో ఏమంటోందని వీట్స్కెని అడిగాను. నాకొచ్చిన మాటల్లో వెతికి చెప్పింది. బోత్, ఖేన్. ఓడేదీ లేదు. ఒకే స్పీకరు, ఒకే గంట.

కోత పూర్తయ్యేదాకా మమ్మల్ని కదలనివ్వకూడదని ఎవరైనా కూర్చుని అనుకున్నారా, లేక గొడవలు రాకుండా చూడమంటే యంత్రం తనంతట తానే ఇలా చూసిందా, నాకు తెలియదు. ఏదైనా కృపానందం పక్కటెముకలకి ఒకటే.

ఎల్లుండి పడవలెక్కాలి కాబట్టి, ఉన్న బియ్యంలో ఒక బస్తా వండేశాం. ఈసారి అందరికీ ఒకే గరిటె, రెండేసి సార్లు. వీట్స్కె ప్రతి పళ్ళెం దగ్గరా ఆగి అడిగింది. “ఖెనూఖ్?” చాలా? ఎవరైనా తలాడిస్తే నమ్మలేదు. వాళ్ళ నోటితో ఖెనూఖ్ అనేదాకా వడ్డిస్తూనే ఉంది.

సెప్టెంబరు 8

తెల్లవారాక బయలుదేరాం. పడవకి ఇరవై మంది. ముందు పడవలో బావగారు చుక్కాని పట్టుకుంటే ష్యూర్ద్ పక్కన నిలబడి చేతులతో దారి చూపించాడు. పది గంటల ప్రయాణం. దిబ్బల దగ్గర రెండో పడవ ఒకసారి అడుగు రాసుకుని ఒరిగింది. అందరం ఒక పక్కకి జరిగి నిలబెట్టుకున్నాం. అలలకి నేను వాంతి చేసుకుంటుంటే వీట్స్కె నా జుట్టు పట్టుకుని కూర్చుంది.

దారంతా బావగారు ఏదో గొణుక్కుంటూనే ఉన్నారని తర్వాత ష్యూర్ద్ సైగలతో చెప్పాడు. సముద్రానికి మొక్కుకుంటున్నారేమో అనుకున్నాను.

సెప్టెంబరు 9

తీరంలో గట్టు వెనక ఒక పొడుగాటి హాల్లో కూర్చోబెట్టారు. దుప్పట్లిచ్చారు. సంస్థ మనిషి ఒకాయన వచ్చాడు. శుభ్రమైన కోటు, చెవిలో గింజ. చేతిలో పళ్ళెం నిండా కొత్త గింజలు. నవ్వుతూ చాలాసేపు మాట్లాడాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత పళ్ళెం ముందుగా బావగారి ముందు పెట్టాడు, పెద్దాయనని గుర్తుపట్టి.

బావగారు ఆ పళ్ళెం వైపు చూశారు. చెయ్యి పెట్టలేదు. దుప్పటి పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. చొక్కా సర్దుకున్నారు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకున్నారు.

“వై హెబెన్ హోఙర్.”

పడవలో దారి పొడుగునా నేర్చుకున్నది అదన్నమాట. ‘హ’లూ ‘ఙ’లూ సరిగ్గా పలికాయో లేదో నాకు తెలియదు. కానీ కోటు మనిషి నవ్వు ఆగిపోయింది. తన భాషే కాబట్టి అతని చెవిలోని గింజకి మార్చడానికి ఏమీ దొరకలేదు.

అతను గొంతు సవరించుకుని అడిగాడు. “హూవేల్?”

బావగారు నా వైపు తిరిగారు. అది నాకొచ్చు. పప్పు ఎంత వెయ్యాలి, ఉప్పు ఎంత వెయ్యాలి, రోజూ వంటగదిలో వినే మాట. ఎంతమంది, అంటున్నాడు. అతని కళ్ళు మా బెంచీల మీదే తిరుగుతున్నాయి. కోనసీమ వాళ్ళనే లెక్కపెడుతున్నాడు. అవతలి గోడ దగ్గర ష్యూర్ద్ మనుషులు వేరుగా కూర్చున్నారు, వాళ్ళ మధ్యలో వీట్స్కె తడి బూట్లు విప్పుకుంటోంది.

“జెస్తిఖ్,” అన్నాను. అరవై, రోజూ పళ్ళేలు లెక్కపెట్టేటప్పుడు వీట్స్కె పలికే అంకె.

అతను మళ్ళీ మా బెంచీలు చూసి, ఏదో దిద్దబోయాడు. నేను అవతలి గోడ వైపు కూడా చెయ్యి చూపించి మళ్ళీ అన్నాను.

“జెస్తిఖ్.”